ఆ నది మౌనం ఎవరిది?

ఈ పాట నాకు ముందు గంగ పేరుతో తెలుసు. డిగ్రీ చదివే రోజుల్లో, 1999 ప్రాంతంలో, హాస్టల్లో ఒక మిత్రుడి దగ్గర భూపేన్ హజారికా హిందీ క్యాసెట్ ఉండేది. ఒడ్డున ఉన్న జనం గోడు పట్టని గంగను నిలదీసే పాట. దీనికి తల్లిపాట ఇంకొకటి ఉందనీ, అది అమెరికాదనీ ఆ మిత్రుడే చెప్పాడు. ఏడాది తిరక్కుండా ఆబిడ్స్‌లో, ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య పాల్ రాబ్సన్ క్యాసెట్ దొరికింది. ఒక వైపు 1930ల నాటి ‘ఓల్ మ్యాన్ రివర్’. రెండో వైపు అదే పాట, చాలా ఏళ్ల తర్వాత కచేరీలో పాడింది. అప్పుడు నా ఇంగ్లిషు అంతంత మాత్రం. అయినా రెండు వైపులా ఉన్నది ఒకే పాట కాదని తెలిసిపోయింది. వరస అదే, గొంతూ అదే. మనిషే వేరు.

మా హాస్టల్ గదిలో తీర్పు వెంటనే వచ్చేసింది. మొదటిది లొంగిపోయినవాడి పాట, రెండోది తిరగబడ్డవాడి పాట. ఆ తర్వాత మొదటి వైపు వేయడమే మానేశాం. ఆ తీర్పుతో నేను ఇరవై ఏళ్లకు పైగా బతికాను. ఇప్పుడు అంత సులువుగా ఒప్పుకోలేకపోతున్నాను. ఈ నాలుగు మాటలు అందుకే.

ముందు పాట పుట్టిన చోటికి పోదాం. ‘షో బోట్’ అనే సంగీత నాటకం 1927 డిసెంబర్ 27న న్యూయార్క్‌లో జీగ్‌ఫెల్డ్ థియేటర్లో మొదలైంది. ఎడ్నా ఫెర్బర్ 1926లో వెలువరించిన నవలకి ఆస్కార్ హామర్‌స్టైన్ మాటలూ పాటలూ రాశాడు. జెరోమ్ కెర్న్ సంగీతం కట్టాడు. మన సురభి వాళ్లు ఊరూరా డేరా వేసినట్టు, మిసిసిపీ నది మీద పడవనే నాటకశాలగా చేసుకుని రేవు రేవుకీ తిరిగే ఒక కంపెనీ కథ ఇది. పడవ పేరు కాటన్ బ్లాసమ్. యజమాని కూతురు మాగ్నోలియా, ఆమె మనసిచ్చిన జూదరి రావెనల్, వాళ్ల పెళ్లి, ఎడబాటు, ముసలితనంలో కలయిక. 1880ల చివర మొదలై 1927 దాకా నలభై ఏళ్ల కథ. అప్పటిదాకా బ్రాడ్‌వేలో సంగీత నాటకమంటే ఎక్కువగా అందమైన అమ్మాయిల వరసలు, హాస్యం. ఇందులో వర్ణభేదం ఉంది, తాగుడుంది, భార్యని వదిలిపోయిన మొగుడున్నాడు. అందుకే అక్కడి రంగస్థల చరిత్ర రాసేవాళ్లు దీన్నొక మలుపుగా చెప్తారు. ఆ మాట నిజమే.

ఆ పడవలో జూలీ అని ప్రధాన నటి. తెల్లామెగా చలామణీ అవుతుంటుంది. ఒక రోజు ఆమె నోట ఓ ప్రేమపాట వస్తే వంటమనిషి క్వీనీ ఉలిక్కిపడుతుంది. అది నల్లవాళ్లకి తప్ప ఇంకెవరికీ తెలియని పాట. తర్వాత షెరీఫ్ వస్తాడు. జూలీ ఒంట్లో నల్ల నెత్తురుంది, తెల్లవాడితో ఆమె పెళ్లి నేరం. మొగుడు కత్తితో ఆమె వేలు కోసి ఆ నెత్తుటి చుక్క మింగుతాడు, ఇప్పుడు తన ఒంట్లోనూ నల్ల నెత్తురుందని చెప్పడానికి.

పాటని బట్టి పుట్టుక పట్టుకోవడం! ఇది చదివినప్పుడు నాకు మా అమ్మీ గుర్తొచ్చింది. బస్సులో ‘పానీ’ అనబోయి, పక్క సీటు వైపు ఒకసారి చూసి, ‘నీళ్లు’ అనేది.

ఇంతా చేసి, 1927లో ఆ క్వీనీ వేషం కట్టింది నల్ల నటి కాదు. టెస్ గార్డెల్లా అనే ఇటాలియన్ సంతతి తెల్లామె, మొహానికి నల్లరంగు పూసుకుని. నల్లవాళ్ల కష్టం చెప్పడానికి సిద్ధపడిన నాటకం కూడా అక్కడిదాకా వచ్చి ఆగింది.

ఇక జో. క్వీనీ మొగుడు, రేవులో బేళ్లు మోసే కూలీ. మాగ్నోలియా అప్పుడే రావెనల్‌ని చూసి మురిసిపోతూ వచ్చి, ఆ మనిషిని చూశావా అని జోని అడుగుతుంది. అలాంటివాళ్లు నది మీద చాలామంది తిరుగుతుంటారని జో ధోరణి. ఏమన్నా తెలుసుకోవాలంటే ముసలి నదినే అడగమంటాడు. ఆమె వెళ్లిపోతుంది. అప్పుడు ఎత్తుకుంటాడు పాట.

ఈ సందర్భాన్ని పాటని మెచ్చుకునేవాళ్లు పెద్దగా పట్టించుకోరు. నాకు ఇదే ముఖ్యం. జో తన బతుకు చెప్పుకోవడానికి దొరికిన సాకు ఒక తెల్లపిల్ల ప్రేమ. అదీ ఆమె వెళ్లిపోయాక. బేళ్లు మోసేవాళ్ల ఒళ్లునొప్పులు, యజమాని ముందు వంచిన తల, జైలు భయం ఒక వైపు. ఇవేవీ పట్టని నది ఇంకో వైపు. పాట అయిపోగానే కథ మళ్లీ మాగ్నోలియా వెనకే నడిచిపోతుంది. ఆమెకి పెళ్లవుతుంది, బిడ్డ పుడుతుంది, షికాగో వెళ్తుంది, పేరొస్తుంది. జో నలభై ఏళ్లూ అక్కడే ఉంటాడు. మధ్యలోనూ చివర్లోనూ వచ్చి అదే పాట మళ్లీ అందుకుంటాడు, ఈసారి జుట్టు నెరిసి. అందరికీ కథలున్నాయి. అతనికి పాట ఉంది.

హామర్‌స్టైన్ దృష్టిలో ఇది సర్దుకుపోయే మనిషి పాట, లోపల నిరసన దాగివున్న పాట. చదువులేని తాత్వికుడి నోట పెట్టానన్నది ఆయన ఉద్దేశం. చెల్లాచెదురుగా ఉన్న పెద్ద కథని ఒక్క తాడుతో కట్టడానికి నది పనికొస్తుందని కూడా అనుకున్నాడు. అంటే ఆ నది ముందు కథకుడి అవసరం. జో అవసరం తర్వాత.

వరస సంగతి చెప్పకపోతే అన్యాయం. పల్లవి దాదాపు అయిదు స్వరాల్లోనే తిరుగుతుంది. తెలుగు చెవికి మోహన ఛాయ, హిందుస్తానీ తెలిసిన చెవికి భూపాలీ. మా అబ్బా విన్న వెంటనే, ‘ఖరజ్‌లో బాగా కూర్చుంది గొంతు’ అన్నాడు. ఆయనకి ఇంగ్లిషు ఒక్క ముక్క రాదు. మంద్రంలో, నేల మీద బరువు ఈడుస్తున్నట్టు మొదలవుతుంది. మధ్యలో ఒక్కసారి చీకటి స్వరాల్లోకి దిగి, మళ్లీ పల్లవికి వచ్చి, చివరికొచ్చేసరికి గొంతు పైకి, ఇంకా పైకి ఎక్కుతుంది. కెర్న్ చేసిన ఒక పని చాలా ఏళ్లకి గాని నాకు తెలియలేదు. నాటకం మొదట్లో పడవ పేరెత్తి సంబరంగా పాడే బృందగానం ఒకటుంది. అందులో చకచకా కిందికి దిగే స్వరాలే ఇక్కడ నెమ్మదిగా పైకి ఎక్కుతాయి. పడవ సంబరాన్ని తిరగేస్తే కూలీ పాట. మాటల్లో రాని మాట సంగీతంలో వచ్చింది. ఈ వరస విని ఇది తరతరాల నుంచి వస్తున్న నల్లవాళ్ల జానపదమే అనుకున్నవాళ్లు ఎందరో. రాసినవాడూ కట్టినవాడూ న్యూయార్క్‌లో పుట్టిన తెల్లవాళ్లు.

ఇప్పుడు నది దగ్గరికి వస్తాను. ఆ 1927లోనే, ఏప్రిల్‌లో, మిసిసిపీ కరకట్టలు తెగాయి. గ్రీన్‌విల్ ఊరికి ఎగువన మౌండ్స్ లాండింగ్ దగ్గర పెద్ద గండి. మొత్తం వరదలో ఆరు లక్షలమందికి పైగా నిరాశ్రయులయ్యారు. డెల్టాలో వాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు, పాలుకి పత్తి పండించేవాళ్లు. గండి పడకముందు కరకట్ట మీద మట్టిబస్తాలు మోసింది వాళ్లే, తుపాకుల కాపలాలో. గండి పడ్డాక గ్రీన్‌విల్‌లో తెల్లవాళ్లని స్టీమర్లు ఎక్కించి పంపారు. నల్లవాళ్లని వేలమందిని ఆ కట్ట మీదే డేరాల్లో ఉంచారు. పోనిస్తే మళ్లీ పత్తిచేలకి తిరిగిరారని తోటల యజమానుల బెంగ. వాళ్ల ఒంటి మీద గుర్తింపు చీటీలు కట్టారు. రేషనుకి ఆ చీటీ కావాలి.

దీనికి ఎనిమిది నెలల తర్వాత న్యూయార్క్‌లో తెర లేచింది. నది అన్నీ చూస్తుందట, ఏమీ అనదట!

నాటకంలో జో ఆ పాట పాడే కాలం 1880లు, నాకు తెలుసు. వరద గురించి రాయలేదేమని హామర్‌స్టైన్‌ని నిలదీయడం నా పని కాదు. కానీ అదే రోజుల్లో ఆ నది పక్కన పుట్టి పెరిగినవాళ్లు నదిని ఎలా పాడారో చూడండి. 1927 ఫిబ్రవరిలో బెస్సీ స్మిత్ ‘బ్యాక్‌వాటర్ బ్లూస్’ రికార్డు చేసింది. అది అంతకుముందు వచ్చిన ఇంకో వరద మీద పాట. కానీ ఏప్రిల్ తర్వాత జనం దాన్ని తమ పాటగా కొనుక్కున్నారు. 1929లో చార్లీ పాటన్ ‘హై వాటర్ ఎవ్రీవేర్’ రికార్డు చేశాడు. డెల్టా మనిషి. ఆ పాట నిండా ఊళ్ల పేర్లే. గ్రీన్‌విల్, లీలాండ్, రోజ్‌డేల్, విక్స్‌బర్గ్. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, ఎటు పోవాలి, మెరక ప్రాంతానికి పోదామంటే తనలాంటి వాడిని ఎందుకు రానివ్వరు, ఇదీ ఆ పాటలో గొడవ. అతని నది తాత్వికంగా ఊరుకునే నది కాదు. ఇంట్లోకొచ్చిన నీళ్లు. గడపలోకి నీళ్లొచ్చినవాడికి నది మౌనంగా ఉందని తోచదు. ఆ మౌనం కాస్త ఎత్తున, పొడి నేల మీద నిలబడి చూసేవాడికి కనపడేది. ‘ఓల్ మ్యాన్ రివర్’ అంత గొప్ప పాట అయికూడా, దానిలో నదిని చూసే కన్ను జో కన్ను కాదని నాకు అనిపించేది ఇందుకే.

భాష సంగతి కూడా ఉంది. హామర్‌స్టైన్ జో నోట పెట్టింది విరిచిన ఇంగ్లిషు. నల్లవాడు ఇలాగే మాట్లాడతాడని తెల్లవాడు అనుకునే ఇంగ్లిషు. రాసిన తీరులోనే అక్షరాలు వంకర పోతాయి. తెలుగు కథల్లో, సినిమాల్లో సాయిబు నోటికి ఇచ్చే తెలుగు మనకి తెలుసు కదా. లింగం, వచనం కలిసిరావు, ప్రతి వాక్యం చివర ఒక ‘జీ’, మధ్యలో ఒక ‘అరే’. కర్నూల్లోనో వరంగల్లోనో నాలుగు తరాలుగా తెలుగు బళ్లో చదివిన ఇంట్లో అలా ఎవరు మాట్లాడతారు? ఆ పాత్ర మంచివాడే అయుంటాడు. స్నేహితుడి కోసం ప్రాణమిస్తాడు కూడా. ప్రాణం ఇచ్చేటప్పుడైనా వ్యాకరణం ఇవ్వరు.

నాటకం మొట్టమొదటి పాటలోనే మొదటి మాటగా నల్లవాళ్లని తిట్టే పదం ఉండేది. ఆ పదాన్ని తర్వాతి ప్రదర్శనల్లో, సినిమాల్లో ఒక్కోసారి ఒక్కోలా మార్చుకుంటూ వచ్చారు. 1988లో విడుదలైన పూర్తి రికార్డింగు కోసం పాత మాటనే పాడమంటే నల్ల గాయకుల బృందం కాదని లేచి వెళ్లిపోయింది. 1993లో కెనడాలో, టొరంటో శివారులో ఈ నాటకాన్ని మళ్లీ భారీగా వేసినప్పుడు అక్కడి నల్లజాతి సంఘాలు థియేటర్ ముందు నిరసనకి దిగాయి. మార్లీన్ నర్బీస్ ఫిలిప్ అనే రచయిత్రి దీని మీద ఒక పుస్తకమే రాసింది. అది జాత్యహంకారాన్ని ఎదిరించిన నాటకం కదా, దాని మీద ఎందుకీ గొడవ అని చాలామంది ఉదారవాదులు నొచ్చుకున్నారు. సానుభూతి చూపించినవాడికి కృతజ్ఞత చెప్పకపోతే వచ్చే కోపం మాకు కొత్త కాదు.

హామర్‌స్టైన్‌ని తక్కువ చేయడం నాకిష్టం లేదు. 1936లో నాజీలకి వ్యతిరేకంగా హాలీవుడ్‌లో సంఘం కట్టినవాళ్లలో ఆయనొకడు. 1949లో ‘సౌత్ పసిఫిక్’ నాటకంలో, ద్వేషం పుట్టుకతో రాదు, పిల్లలకి పెద్దలే నేర్పుతారని చెప్పే పాట పెట్టాడు. నిజాయితీగల మనిషి. చిక్కంతా అందులోనే ఉంది. దుర్మార్గుడు మన గురించి రాసింది చింపి పారేయొచ్చు. మంచివాడు మన దుఃఖాన్ని మనకంటే అందంగా రాసి చేతిలో పెడితే దాన్నేం చేయాలి?

రాబ్సన్ దాన్ని పాడాడు. ముందు పాడాడు, తర్వాత మార్చాడు.

నిజానికి జో వేషం మొదటినుంచీ అతని కోసం అనుకున్నదే. కుదరక 1927లో జూల్స్ బ్లెడ్సో వేశాడు. రాబ్సన్ 1928లో లండన్ డ్రూరీ లేన్ థియేటర్లో, 1932లో న్యూయార్క్‌లో, 1936లో జేమ్స్ వేల్ తీసిన సినిమాలో వేశాడు. తండ్రి పదిహేనేళ్ల వయసులో బానిసత్వం నుంచి పారిపోయి చర్చి బోధకుడైనవాడు. కొడుకు కొలంబియాలో లా చదివాడు. ఆ కొడుకు స్టేజీ మీద విరిచిన ఇంగ్లిషులో, సోమరి అని పెళ్లాం చేత చీవాట్లు తినే జోగా నిలబడ్డాడు. లండన్ చప్పట్లు కొట్టింది. 1929లో అదే లండన్‌లో సావోయ్ హోటల్ భోజనశాలకి వెళ్తే లోపలికి రానివ్వలేదు.

1936 సినిమాలో ఆ పాట చూడవలసిందే. కెమెరా రాబ్సన్ చుట్టూ నెమ్మదిగా తిరిగి మొహం దగ్గరికొస్తుంది. తర్వాత బేలు కింద వంగిన వీపు, పత్తిచేను, జైలు ఊచలు. మాటలు హామర్‌స్టైన్‌వే. కానీ ఆ మొహం మాటలకి ఎదురు చెబుతుంది. మార్పు కాగితం మీద రాకముందే అక్కడ మొదలైందని నా అనుమానం.

1930ల చివర, స్పెయిన్ యుద్ధం రోజుల్లో, కచేరీల్లో మాటలు మార్చాడు. ఎక్కువ కాదు, నాలుగైదు చోట్ల. మూడు మాత్రం చెప్తాను. ఒకటి: పాత పాటలో మనిషి నదిలా ఉండాలని కోరుకుంటాడు. కొత్తదానిలో అలా ఉండటం తనకి ఇష్టం లేదంటాడు. నా మటుకు ఇది అన్నిటికంటే పెద్ద మార్పు, కానీ దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. రెండు: పాతదానిలో జైలుకి దారి తాగుడు. కొత్తదానిలో జైలుకి దారి తెగువ. శిక్ష అదే, నేరం మారింది. మనిషి బలహీనత మీద వేసిన నింద తీసి, అతను తల ఎత్తడమే నేరమైన చట్టం మీద పెట్టాడు. మూడు: చివర్లో బతుకు మీద విసుగు, చావు మీద బెదురు రెండూ ఒకేచోట ఉండే మాట తీసేసి, ఊపిరున్నంత వరకు పోరు అనే అర్థం పెట్టాడు. వంకర అక్షరాలనీ చాలావరకు సరిచేశాడు. వరస అదే గనక గొంతు ఆ చివరి మెట్లు ఎక్కేటప్పుడు, అంతకుముందు మూలుగులా వినిపించినది ఇప్పుడు పిడికిలిలా వినిపిస్తుంది. ఆ వరస ఇన్నాళ్లూ ఇలాంటి మాట కోసమే ఎదురు చూసిందేమో అనిపిస్తుంది.

హామర్‌స్టైన్‌కి ఇది నచ్చలేదు. తన మాటలు మార్చే హక్కు ఎవరికీ లేదని, రాబ్సన్ కావాలంటే సొంత పాటలు రాసుకోవచ్చని ఆయన ధోరణి. రచయితగా ఆయన మాట చట్టం ముందు నిలుస్తుంది. కాని ఆ మాటలు ‘నేను’ అని మొదలైనప్పుడు, ఆ ‘నేను’ ఎవరు? 1927 నాటి ఆ పాట మీద అమెరికాలో కాపీరైటు 2023 జనవరి 1తో ముగిసింది. ఇప్పుడు ఎవరైనా మార్చుకోవచ్చు. రాబ్సన్ మాత్రం తొంభై అయిదేళ్లు ఆగలేకపోయాడు.

1949లో న్యూయార్క్ రాష్ట్రంలోని పీక్‌స్కిల్ దగ్గర అతని కచేరీని ఒక గుంపు కొట్టి ఆపేసింది. వారం తర్వాత, సెప్టెంబర్ 4న, కార్మికులు చుట్టూ గోడలా నిలబడితే మళ్లీ వెళ్లి పాడాడు. తిరిగిపోయే జనం కార్ల మీద దారి పొడవునా రాళ్లు పడ్డాయి. ఆ ఏడే, జైల్లో ఉన్న టర్కీ కవి నాజిమ్ హిక్మత్ అతని మీద కవిత రాశాడు. 1950లో ప్రభుత్వం పాస్‌పోర్టు లాక్కుంది. 1952 మేలో కెనడా సరిహద్దు గీత దగ్గర లారీ మీద నిలబడి, ఇటువాళ్లకీ అటువాళ్లకీ కలిపి పాడాడు. 1957లో లండన్ సభకి టెలిఫోన్ తీగ మీద పాడాడు. పాస్‌పోర్టు మళ్లీ ఇచ్చింది 1958లో. ఆ ఏడాది అతని అరవయ్యో పుట్టినరోజు మన దేశంలో జరుపుతామంటే అమెరికా అధికారులు ఆపించాలని చూశారు. నెహ్రూ వినలేదు, శుభాకాంక్షలు పంపాడు.

హజారికా అతన్ని కలిసింది కొలంబియాలో పరిశోధన చేసే రోజుల్లో, ఆ నిషేధ కాలంలోనే. వెనక్కి వచ్చి అస్సామీలో రాసుకున్న పాటలో నది ముసలి లుయిత్, అంటే బ్రహ్మపుత్ర. బెంగాలీలో, హిందీలో గంగ అయింది. రాబ్సన్ నదిలా ఉండనన్నాడు. హజారికా ఒకడుగు ముందుకేసి నదినే బోనులో నిలబెట్టాడు. అది అనువాదం కాదు. తన నదిని తానే అడిగాడు. ఏడాదికోసారి ఇల్లు ముంచే నది ఉన్నవాడికి అడిగే హక్కు ఉంటుంది.

అంటే ఎవరి దుఃఖం వాళ్లే పాడాలా? అలా అనలేను. మా దాదీమా ఊళ్లో పీర్ల పండక్కి గుండం చుట్టూ కర్బలా పాటలు పాడింది ఎక్కువగా ముస్లిములు కాదు. మాల మాదిగలు, గొల్లలు, చాకలివాళ్లు. తెలుగులో పాడేవాళ్లు, ఏడ్చేవాళ్లు. హుస్సేన్‌ని తమ ఇంటి బిడ్డ చేసుకున్నారు. ఎవరూ వాళ్లని తప్పు పట్టలేదు. ఎందుకంటే వాళ్లు మా దుఃఖాన్ని తమ గొంతులోకి తీసుకున్నారు. హామర్‌స్టైన్ చేసింది దీనికి ఎదురుగా ఉంది. తను ఊహించిన దుఃఖాన్ని ఇంకొకడి గొంతులో పెట్టాడు. రెండూ ప్రేమతో చేసినవే. ఏడ్చేది ఎవరన్నదే తేడా.

ఇక నా పాత తీర్పు సంగతి. రాబ్సన్ తీసేసిన ఆ మూడో మాట దగ్గరే నేను చిక్కుకున్నాను. విసుగు, బెదురు. మా హాస్టల్ గదిలో మాకు అవి సిగ్గుపడవలసిన మాటలు. మైనారిటీ మనిషికి లోకం రెండే వేషాలు ఇస్తుంది: అణిగిమణిగి ఉండే మంచి జో, లేదా భయమెరగని యోధుడు. మొదటిది వాళ్లు రాస్తారు. రెండోది దానికి జవాబుగా మనం రాసుకుంటాం. ఊళ్లో ఏదో జరిగిందని రాత్రి వార్త వస్తే మా అబ్బా లేచి తలుపు గడియ రెండోసారి చూసి వచ్చి, మాతో మాత్రం ఏం లేదు పడుకోండి అనేవాడు. ఆయన యోధుడు కాదు. లొంగినవాడూ కాదు. అలిసిపోయి ఉండేవాడు. ఆయన ఏ పాటలో ఉన్నాడు?

1960 నవంబర్‌లో రాబ్సన్ సిడ్నీ వెళ్లాడు. ఒపేరా హౌస్ అప్పటికింకా కడుతున్నారు. ఆ కట్టడంలోకి వెళ్లి, కూలీలు పరంజాల మీద కూర్చుని వింటుండగా ఈ పాట పాడాడు, మార్చిన మాటలతో. చలికోటు, పెద్ద ఆకారం, చెవి పక్కన చెయ్యి. అప్పటికి అరవై రెండేళ్లు. ఆ చిత్రం చూస్తే ఇంకేం కావాలి అనిపిస్తుంది. నాలుగు నెలల తర్వాత, 1961 మార్చిలో, మాస్కోలో ప్రాణం తీసుకోబోయాడు. ఆ పైన లండన్‌లో ఆసుపత్రి, కరెంటు వైద్యం. పాటలోంచి తీసేసిన అలసట మనిషిలో మిగిలే ఉంది. 1976 జనవరి 23న ఫిలడెల్ఫియాలో పోయేదాకా మళ్లీ పెద్దగా జనం ముందుకి రాలేదు.

అతను ఆ మాట తీయడం తప్పని నేననను. ఆ రోజుల్లో, ఆ రాళ్ల మధ్య, తీయక తప్పదు. ఇంకొకడు రాసిచ్చిన అలసట అది. ముందు దాన్ని తిరిగి ఇచ్చేయాలి. ఇచ్చేశాడు కూడా. మన సొంత అలసటని మన మాటల్లో రాసుకునే పని మిగిలి ఉంది. అది రాబ్సన్ ఒక్కడి వల్ల అయ్యేది కాదు. పాటన్ వరద పాటలో అది ఉంది: భయం ఉంది, ఎటు పోవాలన్న తికమక ఉంది, రానివ్వనివాళ్ల మీద కోపం ఉంది, ఊళ్ల పేర్లున్నాయి.

ఆ ఆబిడ్స్ క్యాసెట్ ఇంకా ఉంది. టేపు కొంత సాగింది. ఈ వ్యాసం రాయడానికి రెండు వైపులూ మళ్లీ వేశాను. మొదటి వైపు, 1930ల నాటి గొంతు ఆ చివరి మెట్ల కింద ఆ మాట దగ్గరికి వచ్చినప్పుడు, ఇదివరకు నా వేలు ఫార్వర్డ్ మీటకేసి పోయేది. ఈసారి పోలేదు. అబ్బా మంచం మీద నుంచి, ‘మళ్లీ వెయ్’ అన్నాడు.